ఒగ్గీసిన సామాన్లు

మొన్న ఆగస్టులో మా అమ్మాయి స్కూల్లో హిరోషిమా డే అని తలా పది కాగితం కొంగలు చేసి తెమ్మన్నారు. ఎప్పటిలాగే రాత్రి తొమ్మిదింటికి గుర్తొచ్చింది దానికి. యూట్యూబ్ పెట్టుకుని కూర్చుంది, నాలుగో మడత దగ్గర చిక్కుపడి, ఏడుపు మొహంతో కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను వీడియో చూడకుండానే మడతపెట్టడం మొదలుపెట్టాను. నిజానికి ఏం చేస్తున్నానో నేనూ చూసుకోలేదు, వార్తలు వింటున్నాను. కాసేపటికి అది "ఇది కొంగ కాదు నాన్నా" అంది. చూస్తే చేతిలో చిన్న గిన్నె, ఒక పక్కన పిట్ట ముక్కులా సాగిన మూతి. ఉగ్గుగిన్నె.

ఇరవై ఏడేళ్లయింది ఆ మడతలు పెట్టి. చేతులు మర్చిపోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

1995లో ఇంటర్ సెకండియర్ లెక్కల్లో తప్పాను. ఖాళీగా ఉంటే పాడైపోతానని అమ్మ నన్ను ఛత్తాబజార్‌లో మామయ్య ప్రెస్సుకి పంపింది. ఛత్తాబజార్ తెలియని హైదరాబాదీ ఉండడు కదా, కనీసం ఇంట్లో ఒక పెళ్లి జరిగినవాడైతే. సందు పొడవునా పెళ్లి పత్రికలే, ఒక గుమ్మంలో ఉర్దూ కాతిబ్ కలం సిరాలో ముంచి రాస్తుంటే పక్క గుమ్మంలో మావాళ్లు 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' అని స్క్రీన్ ప్రింటింగ్ వేస్తుండేవాళ్లు. మాఘం నుంచి వైశాఖం దాకా అన్నం తినడానికి తీరిక ఉండేది కాదు. నా పని కటింగ్ మిషన్ దగ్గర. భాయ్ కత్తి దించితే కట్టకి నాలుగు పక్కలా అంచులు తెగి పడేవి, ఆ ముక్కలన్నీ ఊడ్చి గోనె సంచిలో కుక్కాలి, సంచి నిండితే చిత్తు కాగితాలు కొనే రద్దీవాడికి వేయాలి.

ఆ సంచి కోసం వచ్చేవాడు తాత. అరవై దాటి ఉంటాయి, మోకాళ్ల కిందికి పంచె, పైన ఖాకీ చొక్కా, భుజానికి గుడ్డ సంచి. మొదటిరోజు గుమ్మం బయటే నిలబడి "ఏటి బాబూ, ఈ ముక్కలు పారేత్తారా?" అన్నాడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు ఆ యాస కొత్త. తీసుకోండి తాతా అన్నాను. అందరూ గుప్పెళ్లతో తీసుకుంటారు కదా, ఈయన ఒక్కో ముక్కా తీసి ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా కొసన పట్టుకుని అది ఎటు వేలాడుతుందో చూసేవాడు. కాగితానికి కూడా చెక్కకి ఉన్నట్టే నార ఉంటుంది, నార వెంట మడిస్తే గీత శుభ్రంగా పడుతుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. ఇది మా భాయ్‌కి తెలుసు, మామయ్యకి తెలుసు, రద్దీ ఏరుకునే మనిషికి ఎలా తెలుసా అని ఆశ్చర్యపోయాను. వెళ్తూ భాయ్ చాయ్ కోసం ఒక రూపాయి మిషన్ మీద పెట్టి వెళ్లేవాడు. వద్దన్నా పెట్టేవాడు. మావాళ్లు 'కాగజ్‌వాలే బాబా' అని పేరు పెట్టారు.

ఆ కాగితాలు ఏం చేస్తాడో రెండు నెలల దాకా నాకు తెలియదు. ఒక సాయంత్రం అఫ్జల్‌గంజ్ బస్టాప్‌లో, జనం కూర్చునే సిమెంటు దిమ్మె మీద, ఒక ట్రంకు పెట్టె కనిపించింది. అగ్గిపెట్టెంత. గులాబీ రంగు ఆర్ట్ కార్డు, అంచున బంగారు గీత. గొళ్లెం కూడా ఉంది, అతికించింది కాదు, అదే కాగితంలోంచి మడత లాగి చేసింది. మూత తెరిస్తే లోపల 'మస్తు' అని సగం తెగిన అక్షరాలు. అది గురువారం మేం కోసిన పెళ్లి పత్రికల ముక్క! బస్సు వచ్చింది, వెళ్లింది, నేను ఎక్కలేదు. పక్కనున్న ఆవిడ "ముట్టుకోకు బాబూ, ఎవరో దిష్టి తీసి పడేసుంటారు" అంది. అయినా జేబులో వేసుకున్నాను.

ఆ తర్వాత నాకు అన్నిచోట్లా కనిపించడం మొదలైంది, ఒకసారి చూసిన కన్ను ఊరుకోదు కదా. నాంపల్లి స్టేషన్ బెంచీ కింద ఇత్తడి బిందె, అంటే బిందె ఆకారం. కోఠి ఉమెన్స్ కాలేజీ గోడ మీద గొడుగు, సగం మూసి ఉంది. అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద ఒకే ఒక చెప్పు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది చూడండి, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు నూట యాభై మందికి పైగా కొమ్మలు పట్టుకుని బతికిన చెట్టు, దాని మొదట్లో ఒక కావిడి, రెండు పక్కలా బుట్టలతో. ఒక ఇరానీ హోటల్ గల్లాపెట్టె మీద కుట్టుమిషను ఉంటే అడిగాను, టేబుల్ మీద ఎవరో వదిలేసి వెళ్లారని చెప్పాడు. ఎవరూ ఎవరినీ చూడలేదు. ఎక్కడా పేరు లేదు, సంతకం లేదు. మనుషుల బొమ్మ ఒక్కటి కూడా లేదు, జంతువులు లేవు, పూలు లేవు. అన్నీ ఇంటి సామాన్లే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ ట్రంకు పెట్టె మామయ్యకి చూపించాను. ఆయన వ్యాపారి, చెడ్డవాడు కాదు. పెళ్లికొచ్చినవాళ్లకి స్వీటు పెట్టి ఇవ్వడానికి ఇలాంటి పెట్టెలైతే ఎంత బాగుంటాయి అని షాపులో అద్దం బీరువాలో పెట్టాడు. వారం తిరక్కుండా ఒక పార్టీ ఐదు వందలు కావాలన్నారు. నేను సంబరంగా తాత కోసం ఎదురుచూశాను, పాపం ముసలాయనకి నాలుగు డబ్బులొస్తాయి కదా అని. ఆయన వచ్చాడు, బీరువాలో పెట్టెని చూశాడు. చాలాసేపు చూశాడు. కోపం రాలేదు. నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు:

"ఇవి అమ్మే సామాన్లు కావు బాబూ. ఒగ్గీసిన సామాన్లు."

ఆ రోజు ముక్కలు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. నాలుగు నెలలు రాలేదు. ఒగ్గీయడం అంటే ఏమిటని ప్రెస్సులో ఉన్న విజయనగరం కుర్రాణ్ని అడిగితే "వదిలేయడం అన్నా" అన్నాడు. పెట్టె తీసి ఇంటికి తెచ్చేసుకున్నాను. మామయ్య కార్డ్‌బోర్డుతో వేరే ఏదో చేయించి ఆర్డర్ పూర్తి చేశాడు.

మళ్లీ వచ్చినప్పుడు వానాకాలం. మధ్యాహ్నం కరెంటు పోయింది, మిషన్లన్నీ ఆగిపోయాయి, భాయ్ నమాజుకి వెళ్లాడు. తాత గుమ్మంలో తడుస్తుంటే లోపలికి రమ్మన్నాను. తప్పయిపోయింది తాతా అన్నాను. ఆయన దానికి ఏమీ అనలేదు. కట్టల మీద కూర్చుని, సంచిలోంచి మందమైన కార్డు ముక్క తీసి, తడి పంచె అంచుతో దాన్ని రెండు పక్కలా అద్దాడు. తడిపితే కాగితం పాడవుతుందనుకున్నాను. కాలేదు, మెత్తబడింది, తోలులా వంగింది. రెండు బొటనవేళ్లూ లోపల పెట్టి, చుట్టూ తిప్పుతూ, కుమ్మరివాళ్లు సారె మీద చేసినట్టు, పొట్ట ఉబ్బేలా నెట్టుకుంటూ వచ్చాడు. మెడ దగ్గర ఎనిమిదో పదో సన్నటి కుచ్చులు. ఇంకో ముక్కతో మూత, మూత చుట్టూ చిటికెన వేలి గోరుతో ఏటవాలుగా మర గీతలు నొక్కాడు. ఊపిరితో ఆరబెట్టాడు. ఆరాక వేలితో కొడితే టక్కుమంది. మరచెంబు. మా నాయనమ్మ కాశీకి పట్టుకెళ్లినలాంటి మరచెంబు, బొటనవేలంత.

"ఇది ఎక్కడ ఒగ్గీసారు తాతా?" అని అడిగాను. ఆ మాట ఎలా వచ్చిందో నా నోటికి.

చాలాసేపటికి చెప్పాడు. "రంగం నుంచి వచ్చేటప్పుడు. కొండ దిగీటప్పుడు. నీల్లు నేని చెంబు బరువెందుకని."

రంగం అంటే నాకప్పుడు యుద్ధరంగం అనుకున్నాను. కాదు, రంగూన్. ఉత్తరాంధ్ర వాళ్లు రంగూన్ని రంగం అంటారు. "మావోడు రంగమెల్లినాడు" అంటే కూలికి బర్మా వెళ్లాడని. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లి రైసుమిల్లుల్లో, హార్బర్లో మోసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లని కొరంగీలు అనేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊళ్లో సగానికి పైగా భారతీయులేనంటే చూడండి. ఇవన్నీ తర్వాత నేను లైబ్రరీలో కూర్చుని చదువుకున్నవి. తాత చెప్పింది చాలా తక్కువ.

1941 డిసెంబరు 23. జపాన్ విమానాలు వచ్చాయి. అంతకుముందు బాంబులు చూసిన ఊరు కాదది, జనం దాక్కోవడానికి బదులు చూడ్డానికి రోడ్ల మీదకొచ్చారు, అందుకే ఆ ఒక్కరోజే వేలల్లో పోయారని పుస్తకాల్లో ఉంది. తాత చెప్పింది ఇంతే: "నానూ సూత్తన్నాను. గాలిపటాల్నాగ ఉన్నాయి." అప్పటికి ఆయనకి తొమ్మిదేళ్లు. క్రిస్మస్ రోజు మళ్లీ వచ్చాయి. ఓడలకి టికెట్లు కూలివాళ్లకి ఎక్కడ దొరుకుతాయి, జనం నడక మొదలుపెట్టారు. రైల్లో ప్రోమ్ దాకా వెళ్లి, ఇరావతి నది దాటి, అరకాన్ కొండల మీదుగా టౌంగప్ రేవుకి వంద మైళ్లకు పైగా. అక్కడ్నుంచి పడవల మీద అక్యాబ్, తర్వాత చిట్టగాంగ్. ఆ కొండదారిలో నీళ్లు లేవు. ఉన్న చోట కలరా. ఇంకొందరు ఉత్తరాన టాము మీదుగా మణిపూర్ వైపు వెళ్లారు, ఆ దారుల్లో తెల్లవాళ్లకి వేరే బాట, నల్లవాళ్లకి వేరే బాట, తెల్లవాళ్ల బాటలో అన్నం, నీళ్లు, మకాం బాగా ఉండేవట. మొత్తమ్మీద నాలుగైదు లక్షల మంది నడిచి వచ్చారు, దారిలో వేల మంది పడిపోయారు. మన బడి పుస్తకాల్లో దీనికి ఒక్క పేరా లేదు. మన తెలుగువాళ్ల కథ, మనకే తెలియదు. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

తాత రోజుల లెక్క మాత్రం చెప్పేవాడు. హార్మోనియం మొదటిరోజే ఒగ్గీసినాం, అది పక్కింటోళ్లది. కుట్టుమిషను రెండోరోజు. ట్రంకు పెట్టె రెండోరోజు రాత్రి, బట్టలు మూట కట్టుకుని. బిందె మూడోరోజు. దారి పొడవునా రెండు పక్కలా అందరి సామాన్లూ అలాగే పడి ఉన్నాయట, "సంతనాగ. కొనీవోడు నేడు."

"అమ్మా నాన్నా తాతా?" అన్నాను.

"బిందె మా అమ్మే దింపింది. నాలుగోరోజు గొడుగు" అన్నాడు.

నేను మళ్లీ అడిగితే "కావిడి ఐదోరోజు" అన్నాడు. మనుషుల గురించి ఏది అడిగినా సామాను పేరు చెప్పేవాడు. కావిడి మోసేది నాన్నే అయ్యుండాలి కదా. ఐదోరోజు కావిడి ఎందుకు వదిలేశారు? నేను అడగలేదు. పద్దెనిమిదేళ్లవాడిని, అయినా ఆ మాత్రం తెలిసింది నాకు.

ఊరు చేరాక ఏమైందంటే మాత్రం చెప్పాడు. "ఇశాపట్నం వచ్చీసినాం అనుకున్నాం. అక్కడా బాంబులే." అదీ నిజమే, 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు విశాఖ రేవు మీద, అదేరోజు కాకినాడ మీద బాంబులేశారు, జనం పల్లెలకి పారిపోయారు. "మల్లీ మూట కట్టమన్నారు. ఏటి కడతాం, కట్టడానికి ఏటీ నేదు."

కరెంటు వచ్చింది. మిషన్లు మొదలయ్యాయి. ఆయన లేచి వెళ్లిపోయాడు, మరచెంబు కట్ట మీదే ఉంచి.

ఆ తర్వాత రెండేళ్ల పాటు వారానికోసారైనా వచ్చేవాడు. ఆ రోజు చెప్పింది మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మడతలు నేర్పాడు. నోటితో కాదు, నా ముందు నెమ్మదిగా చేసేవాడు, తప్పు చేస్తే నా చేతిలోంచి తీసుకుని విప్పి మళ్లీ చదును చేసి ఇచ్చేవాడు. ఒకసారి మడిచిన గీత ఎంత చదును చేసినా పోదు, కాగితం మళ్లీ ఆ గీత మీదే మడుచుకోవాలని చూస్తుంది. దానికి ఆయన "దానికి గేపకం ఉంటాది" అనేవాడు. ఎక్కడ ఉంటాడో, ఏ పని చేశాడో ఎవరికీ చెప్పలేదు. భాయ్ రైల్వేలో పనిచేశాడని అనేవాడు, విజయనగరం కుర్రాడు ఎక్కడో నైట్ వాచ్‌మన్ అనేవాడు.

ఉగ్గుగిన్నె సంగతి చెప్పి ఆపేస్తాను. మిగతా సామాన్లు ఎక్కడపడితే అక్కడ వదిలేవాడు కదా, ఉగ్గుగిన్నె మాత్రం నాకు చాలాకాలం బయట ఎక్కడా కనిపించలేదు. నాతో చేయించేవాడు, తను చేసేవాడు, అన్నిటికంటే ఎక్కువసార్లు చేసింది అదే, కానీ సంచిలో వేసుకునేవాడు. ఎవరిది తాతా అంటే చేతుల వైపే చూసేవాడు, దానికి సామాను పేరు కూడా జవాబుగా రాలేదు. 1998 ఎండాకాలం. అఫ్జల్‌గంజ్‌లో లైబ్రరీ దగ్గర చలివేంద్రం పెట్టారు, ఎర్రగుడ్డ చుట్టిన నాలుగు కుండలు, ఒక గ్లాసుకి గొలుసు. నేను నీళ్లు తాగి గ్లాసు పెడుతుంటే కుండల వెనక, గోడకీ కుండకీ మధ్య, ఉగ్గుగిన్నె. మడతల్లో దుమ్ము లేదు, ఆ పొద్దునే పెట్టినట్టుంది. మూతి కుండ వైపు తిరిగి ఉంది. కాకతాళీయం అనుకున్నాను. కోఠిలో చలివేంద్రం దగ్గరకెళ్లాను, ఉంది. నాంపల్లిలో స్టేషన్ బయట, ఉంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర, ఉంది. అన్నిటి మూతీ కుండ వైపే.

ఆ ఎండలో మార్కెట్ దగ్గర ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. నీళ్లు లేని కొండదారి. తొమ్మిదేళ్ల పిల్లాడు. ఉగ్గుగిన్నెతో తాగే వయసు బిడ్డ ఆ ఇంట్లో ఇంకొకరు ఉండి ఉండాలి.

వాటిని ఒక్కటి కూడా ముట్టుకోలేదు నేను.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక తాత రావడం మానేశాడు. ముక్కల సంచి విడిగా కట్టి దసరా దాకా దాచాను, తర్వాత మామయ్య రద్దీవాడికి వేసేశాడు. నేను డిగ్రీ, ఉద్యోగం, పెళ్లి. నా పెళ్లి పత్రిక ఛత్తాబజార్‌లోనే కొట్టించాం.

చాలా ఏళ్ల తర్వాత నెట్‌లో అకిరా యోషిజావా గురించి చదివాను. 1911లో పుట్టి 2005లో పోయిన జపాన్ ఆయన, ఇవాళ ప్రపంచమంతా ఒరిగామి అంటున్న కాగితం మడతల కళకి పెద్దదిక్కు. కాగితాన్ని తడిపి వంచే పద్ధతి ఆయన పేరు మీదే ఉంది. యుద్ధంలో జపాన్ సైన్యం వైద్య విభాగంలో హాంకాంగ్‌లో ఉండి, జబ్బుపడ్డవాళ్లకి కాస్త ఊరట అని కాగితం బొమ్మలు చేసి పెట్టేవాడట. అది చదివి కంప్యూటర్ ముందు అలాగే ఉండిపోయాను. అదే యుద్ధం. అక్కడ జపాన్ సైన్యంలో ఒకాయన తడి కాగితం వంచాడు, ఇక్కడ ఆ విమానాల కింద నుంచి నడిచొచ్చిన పిల్లాడు పెద్దయ్యాక ఛత్తాబజార్‌లో కూర్చుని, ఒరిగామి అన్న మాట ఒక్కసారి కూడా అనకుండా, పంచె అంచుతో కాగితం తడిపాడు.

మా అమ్మాయికి ఆ రాత్రి కొంగలు చేసిచ్చాను, వీడియో చూసే. హిరోషిమా పిల్ల సడాకో కథ మా అమ్మాయే నాకు చెప్పింది, బాంబు పడినప్పుడు ఆ పిల్లకి రెండేళ్లట, పన్నెండేళ్లకి ల్యుకేమియాతో పోయిందట, ఆసుపత్రిలో కొంగలు మడుస్తూ ఉండేదట. నేను దానికి తాత కథ చెప్పాను. అంతా విని "ఆ పెట్టె, ఆ చెంబు మన దగ్గరున్నాయి కదా, అవి వదిలేసినవి కదా, మరి మనమెందుకు ఉంచుకున్నాం" అంది.

నిజమే అనిపించింది. ఆదివారం రెండూ జేబులో వేసుకుని అఫ్జల్‌గంజ్ వెళ్లాను. గులాబీ రంగు ఎప్పుడో వెలిసిపోయింది, 'మస్తు' అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. లైబ్రరీ మెట్ల మీద, పై నుంచి రెండో మెట్టు మూలన, పెట్టె పెట్టాను, పక్కన మరచెంబు. రోడ్డు దాటి బస్టాప్ దాకా వెళ్లాను. బస్సు వచ్చింది, ఎక్కాను, కండక్టర్ టికెట్ అడిగాడు, డబ్బులిచ్చాను. తర్వాతి స్టాప్‌లో దిగి పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను. రెండూ అక్కడే ఉన్నాయి. తీసుకుని ఇంటికి తెచ్చేశాను.